పడేదైతే ఇప్పుడే

జీలాంగ్‌లో జనవరి. తొమ్మిదింటికే
తారు మెత్తబడి చెప్పులకంటుకుంటోంది.
వారం నుంచీ బ్రేకు నొక్కినప్పుడల్లా
నా ముసలి మాజ్డా
సాన పడుతున్న కత్తిలా అరుస్తోంది.
షెడ్డువాడు చెప్పిన ధర విని
నేనూ కాసేపు అలాగే అరిచాను.

డిక్కీలోంచి జాకీ తీసి
రోడ్డు వారన మోకాళ్ళూనానో లేదో
కంచె అవతల గులాబీలు తడుపుతున్న జ్వోంకో
పైపు పడేసి వచ్చాడు.
"ఇక్కడ కాదు."
మడమతో తారు మీద నొక్కాడు. గుంట పడింది.
పిండిలో గరిటెలా దిగిపోయేది నా జాకీ.

బండిని అతని వాకిట్లోకి మార్చాం, గట్టి సిమెంటు మీదికి.
రసమట్టం లేదు. మా ధృతి చేతిలోని గోళీ అడిగి తీసుకుని
గోడవారగా పెట్టి చూశాడు.
గోళీ ఆలోచించింది.
కదల్లేదు.

గేరు వేశాను. హ్యాండ్‌బ్రేకు లాగాను.
వెనక చక్రాలకు అటూ ఇటూ చెక్క ముక్కలు తన్నిపెట్టాడు.
ఎప్పుడో దోర్నాల ఘాటులో బస్సు కిటికీలోంచి చూశాను:
లారీ ఇంకా పూర్తిగా ఆగకముందే దూకి
చక్రం వెనక రాయి తోసిన క్లీనరు కుర్రాణ్ణి.
ఎక్కించిందెవరో గానీ
ఆ మధ్యాహ్నం కొండని ఆపింది వాడే.

చక్రం నేల మీదుండగానే నట్లు వదులు చేయాలట.
పానా మీద ఎక్కి నిలబడ్డాను. యాభై ఎనిమిది కిలోలు.
కిర్రుమంది. ఇంకొకటి. ఇంకొకటి.
ఊడదీయొద్దు, సడలిస్తే చాలు.

తర్వాత బండి అంచు కింద వేళ్ళతో తడిమించాడు.
రెండు గాట్ల మధ్య కాస్తంత గట్టి చోటు.
అంగుళం ఇటైతే రేకు సొట్ట, అటైతే జారుడు.
ఇంత బండిలోనూ
తనని ఎత్తనిచ్చే చోట్లు ఏ నాలుగో.
మనుషుల గురించి ఏదో అనబోయి ఊరుకున్నాను.
కళ్ళలో చెమట పడుతోంది.

జాకీ తిప్పుతుంటే బండి ఒక భుజం ఎగరేసింది.
పసుపు స్టాండు కిందికి జరిపాడు, పళ్ళు టక్కున పట్టాయి.
"జాకీ ఎత్తుతుంది. మోయదు."
ఒక చేత్తో ఎత్తి ఇంకో చేతికి అప్పజెప్పడమన్న మాట.

చక్రం ఊడదీశాను. దాన్ని పక్కకు దొర్లించబోతే
తీసుకుని బండి అంచు కిందే పడుకోబెట్టాడు.
స్టాండుందిగా, ఇదెందుకు అన్నాను.
"ఇది బ్రూనో కోసం."
చాలాసేపటికి, ఎవరూ అడక్కుండానే:
"వాడు ఇటుకలు పెట్టాడు.
ఇటుక చెప్పి పగలదు."

నేను వంగేలోపు చెయ్యి అడ్డం పెట్టాడు.
రెండు అరచేతులూ బానెట్టుకానించి
బండిని తోశాడు. గట్టిగా.
నా గుండె జారింది, బండి జారలేదు.
"నువ్వూ తొయ్యి. పడేదైతే ఇప్పుడే పడాలి,
నువ్వు బయటున్నప్పుడు."

తోశాను. తుంటితో, భుజంతో,
షెడ్డువాడి ధర మీదున్న కోపమంతటితో.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ పని నాకు కొత్తేం కాదు.
కేర్ హోంలో ప్రతి పొద్దునా
హాయిస్ట్ మీద డోరీన్‌ని మంచంలోంచి లేపేది నేనే.
నాలుగు కొక్కాలు. నాలుగు పట్టీలు.
ఆవిడ వీపు పరుపునొదలక ముందే
ఒక్కో పట్టీ లాగి చూస్తాను.
"నా మీద నమ్మకం లేదా పిల్లా?" అంటుంది.
పట్టీ మీద, అంటాను.

పాత ప్యాడ్లు బిస్కెట్టు కంటే పల్చగా వచ్చాయి.
కొత్తవి పెట్టాం. కాదు, నేను పెట్టాను,
అతను టార్చి పట్టాడు.
చక్రం నేలకాన్చాక ఎదురెదురు నట్లు బిగించి,
కదలకముందే పెడలు తొక్కమన్నాడు,
కాలి కింద గట్టిపడేదాకా.
వీధి చివర దాకా వెళ్ళొచ్చాను. నిశ్శబ్దం.
థాంక్స్ చెబుదామంటే
అప్పటికే గులాబీల దగ్గరున్నాడు, వీపు ఇటు పెట్టి.

రాత్రి ధృతి అడిగింది, నా గోళీ ఏదమ్మా అని.
టార్చి తీసుకుని వెళ్ళాం.
గోడవారగా,
పెట్టిన చోటే ఉంది.